కుట్టు వెయ్యమంటే మెడ మార్చాడు

కంప్యూటరు తెరమీద ఓ మూల చిన్న పెట్టె లేచి కూచుంటుంది. "అప్‌డేటు సిద్ధంగా ఉంది. ఇప్పుడే రీస్టార్ట్ చెయ్యనా? తరవాత గుర్తు చెయ్యనా?" అంటుంది. ఎంతో మర్యాదైన మాటలే. కాని కాస్త ఆగి చదివి చూడండి. అందులో "వద్దు" అనే మాట లేదు. పెళ్ళిచూపులైన మర్నాడు పిల్లని కూచోబెట్టి "ముహూర్తం ఈ నెల్లోనా, వచ్చే నెల్లోనా?" అని అడిగినట్టుంటుంది. పిల్లాడు నచ్చాడా అని అడిగిందెవరు?

ఈ పెట్టెమీద నాకు కోపం ఊరికే రాలేదు. మా అమ్మకి ఎనభైనాలుగేళ్ళు. పాత పెళ్ళిపాటలు ఒకరోజు గుర్తుంటాయి, మర్నాడుండవు. ఓ రాత్రి అలకపాన్పు పాట తొమ్మిది చరణాలూ వరసగా చెప్పింది. గబగబా టైపు చేశాను. ఆవిడకి పాలు వెచ్చబెట్టి తెచ్చేలోగా కంప్యూటరు తనంతట తానే ఆగి, మళ్ళీ లేచి కూచుంది. నేనింకా సేవ్ చెయ్యని తొమ్మిది చరణాలూ పోయాయి. "అమ్మా, ఆ పాట ఇంకోసారి చెప్పవూ" అంటే, "ఏ పాటే?" అంది.

ఆ కోపంలో అప్‌డేట్లన్నీ ఆపించేశాను. మా అబ్బాయి చూసి, "గడియ వెయ్యకుండా పడుకున్నట్టేనమ్మా" అన్నాడు. వాడి మాటా నిజమే. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఉన్న ఓ కన్నానికి అతుకు వేసి పంపింది. చాలామంది వేసుకోలేదు. రెండు నెలలు తిరక్కుండానే, మే 12న, 'వానాక్రై' అనే పురుగు ఆ కన్నంలోంచే దూరింది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బడిగింది. ఇంగ్లండు ఆస్పత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి.

అలాగని వచ్చిందల్లా కళ్ళు మూసుకుని పుచ్చుకోమంటారా? 2018 అక్టోబరులో విండోస్ 10కి వచ్చిన పెద్ద అప్‌డేటు కొందరి ఫైళ్ళనే తుడిచేసింది. కంపెనీ దాన్ని ఆపి, సరిచేసి, నవంబరులో మళ్ళీ విడుదల చెయ్యాల్సొచ్చింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పు ఫైలుతో సుమారు 85 లక్షల కంప్యూటర్లు మూగపోయాయి. విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగు పాసులిచ్చారు, మన హైదరాబాదులో కూడా.

ఇక నా విమర్శ ఇది. అతుకు వెయ్యడం వేరు, మార్చడం వేరు. కుట్లూడిన జాకెట్టు ఇచ్చి ఓ కుట్టు వెయ్యమంటే, దర్జీ మెడ మార్చి, చేతులు కురచ చేసి, "ఇప్పుడిదే ఫ్యాషనండీ" అంటే ఊరుకుంటామా? ఈ కంపెనీలు చేస్తున్నది అదే. భద్రత కోసం వేసే అతుకునీ, ఉన్న మీటల్ని అటూ ఇటూ మార్చే సోకునీ ఒకటే పేరు పెట్టి పంపుతాయి. సోకు వద్దన్న మనిషి దాంతోపాటు అతుకూ వద్దనుకుంటుంది. నేనూ అంతే చేశాను. రెంటినీ వేరుచేసే వీలు బొత్తిగా లేదనను. సెట్టింగుల్లో నాలుగు గదులు దాటి వెతికితే కొంత దొరుకుతుంది. రోజూ వాడే ఉప్పు అటకమీద పెట్టినట్టు!

మొత్తానికి నేనో నిర్ణయానికి వచ్చాను. నెలనెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ విడుదల చేసే అతుకుల్ని తమంతట తామే పడనిస్తున్నాను. మంగళవారం మనం మంచిపని మొదలుపెట్టం గాని, చిరుగు కుట్టుకోడానికి వర్జ్యం చూడం కదా! పెద్ద మార్పులొస్తే మాత్రం రెండు మూడు వారాలు ఆగి, నలుగురూ ఏమంటున్నారో విని వేసుకుంటున్నాను. రాత్రి పదకొండు దాటేదాకా రీస్టార్ట్ కాకుండా నా పనివేళలు దానికి చెప్పి ఉంచాను. రాసిందానికి వేరే డిస్కులో ఓ నకలు తీస్తున్నాను.

మొన్న అమ్మకి ఆ పాటలో మూడు చరణాలు గుర్తొచ్చాయి. ఈసారి ముందు నోటుబుక్కులో పెన్నుతో రాసుకుని, తరవాతే టైపు చేశాను. ఇంకా ఆరు రావాలి.