కోపానికి రోగం పేరు: జొనాథన్ మెట్జ్ల్ ‘ద ప్రొటెస్ట్ సైకోసిస్’

1974లో అమెరికన్ సైకియాట్రీ పత్రిక ఒకదానిలో హాల్డాల్ అనే మందు ప్రకటన వచ్చింది. బొమ్మలో ఒక నల్లజాతి మగవాడు పిడికిలి బిగించి మన మీదకి వస్తున్నట్టు ఉంటాడు. వెనక నగరపు వీధి, మంట రంగు. మీ రోగి దాడి చేసే రకమా, తగాదా పెట్టుకునే రకమా అని డాక్టర్ని అడిగి, ఈ మందు వాడితే మాట వినడం మొదలవుతుందని చెప్పడం ఆ ప్రకటన సారాంశం. స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన జబ్బులకి వాడే మందు అది. బొమ్మలో ఆ జబ్బు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకదు. కోపం మాత్రం దొరుకుతుంది.

దీనికి పాతికేళ్ళ ముందు, 1948లో, ‘ద స్నేక్ పిట్’ అని హాలీవుడ్ సినిమా ఒకటి వచ్చింది. పిచ్చాసుపత్రిలో చిక్కుకున్న రచయిత్రిగా ఒలీవియా డి హావిలాండ్ వేసింది. ఆ కాలపు ప్రేక్షకుడికి మతి చెదిరిన మనిషంటే ఆవిడే. తెల్లావిడ, చదువుకున్నావిడ, చూస్తే జాలేసే మనిషి. ఆవిడకీ, ఆ పిడికిలి మనిషికీ మధ్య ఏం జరిగిందో చెప్పే పుస్తకం ‘ద ప్రొటెస్ట్ సైకోసిస్’. 2010లో బీకన్ ప్రెస్ వేసింది.

మెట్జ్ల్ సైకియాట్రిస్టు, చరిత్రకారుడు కూడా. ఈ పుస్తకం రాసేనాటికి మిషిగన్ యూనివర్సిటీలో ఉన్నాడు. అదే రాష్ట్రంలో అయోనియా అనే చిన్న ఊళ్ళో, నేరం చేసిన మతిస్థిమితం లేనివాళ్ళ కోసమని 1885లో తెరిచిన ఆస్పత్రి ఒకటి ఉండేది. దాని కేసు ఫైళ్ళు లాన్సింగ్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిని ఏళ్ళ తరబడి తిరగేసి రాసిన పుస్తకం ఇది. 1950ల దాకా స్కిజోఫ్రీనియా అని రాసి ఉన్న ఫైళ్ళలో తెల్లవాళ్ళు ఎక్కువ. వాళ్ళలో పల్లెల నుంచి వచ్చిన ఇల్లాళ్ళు చాలామంది. ఇంటిపని సరిగ్గా చూడటం లేదు, గట్టిగా మాట్లాడి భర్తకి తలవంపులు తెస్తోంది – ఇవీ కారణాలు. 1960ల చివరికి వచ్చేసరికి అదే పేరు డెట్రాయిట్ నుంచి వచ్చిన నల్లజాతి మగవాళ్ళ ఫైళ్ళ మీద ఉంది. ఆ ఇల్లాళ్ళ లాంటి వాళ్ళకి క్రమంగా వేరే జబ్బు పేర్లు వచ్చాయి.

ఇది డాక్టర్ల దుర్మార్గం అని తేల్చేస్తే పుస్తకం ఇరవై పేజీల్లో అయిపోయేది. మెట్జ్ల్ అలా తేల్చడు. అతను వేలు పెట్టేది అమెరికన్ సైకియాట్రీ వాళ్ళ నిర్ధారణ పుస్తకం డి.ఎస్.ఎం. మీద. 1952 నాటి మొదటి కూర్పులో దీన్ని స్కిజోఫ్రీనిక్ ‘రియాక్షన్’ అన్నారు, అంటే బతుకులో ఏదో దెబ్బకి మనసు ఇచ్చిన స్పందన. 1968 నాటి రెండో కూర్పులో ‘రియాక్షన్’ పోయింది. పారనాయిడ్ రకం వర్ణనలో శత్రుభావం, దూకుడు ముందుకొచ్చాయి. అదే ఏడాది బ్రోంబర్గ్, సైమన్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు ఒక వ్యాసం రాశారు. మాల్కం ఎక్స్ మాటలు విని, బ్లాక్ ముస్లిం ఉద్యమాల్లో చేరి నల్లజాతి మగవాళ్ళకి తెల్లవాళ్ళ మీద శత్రుభావంతో కూడిన ఒక రకం సైకోసిస్ వస్తోందని అందులో వాదించారు. పుస్తకం పేరు ఆ వ్యాసం నుంచి తీసుకున్నదే. అంతకు ముందు ఏడాదే డెట్రాయిట్ తగలబడింది. ఒక డాక్టరు ఏ దురుద్దేశమూ లేకుండా, కొత్త పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పాటించి, ఎదురుగా కూచున్న మనిషి కోపాన్ని లక్షణంగా రాసుకోవచ్చు. ఆ కోపానికి బయట కారణం ఉందా అని అడిగే గడి ఫారంలో లేదు.

ఇక్కడ నా వృత్తి సంగతి చెప్పాలి. నేను పనిచేసేది హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిముల సాఫ్ట్‌వేర్ మీద. మనిషి మా దగ్గరకి రాడు, కోడ్ వస్తుంది. ఎఫ్20 అంటే స్కిజోఫ్రీనియా, ఎఫ్32, ఎఫ్33 అంటే డిప్రెషన్. ఆ కోడ్‌ని బట్టే మందుకి అనుమతి, థెరపీకి అనుమతి. ఈ పని చేసేవాడిగా నన్ను పట్టేసింది మెట్జ్ల్ పెద్దగా సాగదీయని ఒక విషయం. ఒక కాలమ్‌లో ఎక్కువ పడిందంటే ఇంకో కాలమ్‌లో తక్కువ పడింది. అమెరికాలో నల్లజాతివాళ్ళకి స్కిజోఫ్రీనియా నిర్ధారణ తెల్లవాళ్ళతో పోలిస్తే రెండు రెట్లకు పైగా జరుగుతోందని పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన పరిశోధకులు 2018లో లెక్క తేల్చారు. ఈ మాట వినగానే అందరూ ఆ ‘ఎక్కువ’ దగ్గరే ఆగిపోతారు. అందులో కొందరు డిప్రెషన్‌తోనో బైపోలార్‌తోనో వచ్చినవాళ్ళు. వాళ్ళకి తప్పు పేరు ఒక్కటే కాదు, తప్పు మందులు కూడా అందాయి, కావాల్సిన చికిత్స అందలేదు. దుఃఖంతో వచ్చినవాడి ముఖంలో కోపం చదివి పంపిస్తే, ఆ దుఃఖం ఏ లెక్కలోకీ ఎక్కదు. 2001లో అప్పటి సర్జన్ జనరల్ డేవిడ్ సాచర్ ఇచ్చిన నివేదిక, మైనారిటీలకి మానసిక వైద్యం తక్కువ అందుతోందనీ, అందినా నాణ్యత తక్కువనీ చెప్పింది. మెట్జ్ల్ పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తే ఆ ‘నాణ్యత తక్కువ’ అనే పొడి మాట లోపల ఏముందో కనిపిస్తుంది.

పాత చరిత్రే కదా అనేవాళ్ళ కోసం నా రంగం నుంచే ఒక ఉదాహరణ. ఇది మానసిక వైద్యం ఒక్కదాని గురించి కాదు, మొత్తం వైద్యం గురించి. ఎవరికి అదనపు సంరక్షణ కావాలో ఎంచడానికి ఆస్పత్రులు వాడే ఒక ప్రోగ్రామ్‌ని పరిశీలించి 2019లో ‘సైన్స్’ పత్రికలో ఒబర్‌మయర్ బృందం ఒక పేపర్ వేసింది. ఆ ప్రోగ్రామ్‌కి జాతి తెలియదు. ఎంత జబ్బు అన్నదానికి బదులు ఎంత ఖర్చయింది అన్నది కొలిచింది. వైద్యం అందనివాడికి ఖర్చు తక్కువే అవుతుంది మరి. దాన్ని సరిచేస్తే అదనపు సాయానికి ఎంపికయ్యే వాళ్ళలో నల్లజాతివాళ్ళ వాటా 17.7 శాతం నుంచి 46.5కి పెరుగుతుందని తేలింది. కోడ్ రాసినవాళ్ళలో ఒక్క జాత్యహంకారీ ఉండక్కర్లేదు. మెట్జ్ల్ చెప్పేదీ సరిగ్గా అదే.

పుస్తకంతో నాకు పేచీలు లేకపోలేదు. మొదటిది లెక్క. ఒకే ఆస్పత్రి, అదీ కోర్టులు పంపేవాళ్ళని చేర్చుకునే ఆస్పత్రి. దక్షిణాది నుంచి వలసొచ్చిన నల్లజాతి కుటుంబాలతో ఆ దశాబ్దాల్లో డెట్రాయిట్ జనాభానే మారిపోయింది. పైగా 1963 చట్టం తర్వాత దేశమంతటా పెద్ద ఆస్పత్రులు ఖాళీ అవుతూ వచ్చాయి. ఇంటికి పంపగలిగినవాళ్ళని పంపేశాక లోపల మిగిలినవాళ్ళ నిష్పత్తి ఎలాగూ మారుతుంది. దేన్ని దేనితో భాగించాలి అని ప్రతి అధ్యాయంలోనూ మార్జిన్‌లో రాసుకుంటూ పోయాను. ఇవేవీ మెట్జ్ల్‌కి తెలియనివి కావు, ప్రస్తావిస్తాడు కూడా. కానీ ఒక్కోదాని వాటా ఎంతో విడదీయడు. అయితే ఇది అతని వాదనని కూలగొట్టదు. ఎవర్ని పోలీసు బండి ఎక్కిస్తారు, ఎవర్ని ఫ్యామిలీ డాక్టరు దగ్గరకి తీసుకెళ్తారు అన్నది కూడా నిర్ధారణలో భాగమే, డాక్టరు పెన్ను తీయకముందే జరిగిపోయిన భాగం.

రెండోది, రోగుల కథలు. పేర్లు మార్చి, వివరాలు కలిపి, నవలలా చెప్పాడు. చదివించే గుణం ఉంది, కాదనను. కానీ ఫైల్లో ఉన్నది ఎక్కడ ఆగింది, మెట్జ్ల్ ఊహ ఎక్కడ మొదలైంది అన్న గీత చాలాచోట్ల చెరిగిపోయింది. ఫైళ్ళు రాసినవాళ్ళు రోగి మాటని తమ మాటల్లోకి మార్చేశారని ఫిర్యాదు చేసే పుస్తకం ఈ విషయంలో ఇంకాస్త జాగ్రత్తపడాల్సింది. డి.ఎస్.ఎం. వర్ణనలో పురుష సర్వనామం వాడారన్న దాని మీద పెట్టిన బరువు కూడా నాకు ఎక్కువే అనిపించింది. అప్పటి ఇంగ్లీషులో ఎవరి గురించి రాసినా ‘హిజ్’ అనే రాసేవారు. ఇక నల్లజాతి ఆడవాళ్ళు ఈ పుస్తకంలో ఎక్కడున్నారో వెతుక్కోవాల్సిందే.

మూడోది పేచీ కాదు, భయం. ఇలాంటి పుస్తకం చదివి ‘అంటే స్కిజోఫ్రీనియా అనేది ఉత్త రాజకీయం’ అనేసేవాళ్ళు ఉంటారు. ఇంట్లో ఆ జబ్బుతో మనిషి ఉన్నవాళ్ళు ఎవరూ అలా అనరు. మెట్జ్ల్ కూడా అనడు, అతను రోగుల్ని చూసే డాక్టరు. బాధ నిజం, దానికి పెట్టే పేరు కాలాన్ని బట్టి మారుతుంది అన్న రెండు మాటల్నీ చివరిదాకా పట్టుకునే ఉంటాడు.

ఇదంతా తెలుగులో ఎందుకంటారా? మిషిగన్‌లో తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. ట్రాయ్, నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్. కొత్తగా దిగినవాడికి మనవాళ్ళిచ్చే మొదటి సలహాల్లో ఒకటి, ‘బాబూ, ఎయిట్ మైల్ రోడ్డు దాటి అటు పోకు’. డెట్రాయిట్‌కి ఉత్తర సరిహద్దు ఆ రోడ్డు. 1967లో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ఆ సలహా ఇచ్చేవాళ్ళలో చాలామందికి పట్టదు. హాల్డాల్ బొమ్మలోని మనిషి మాత్రం వచ్చిన మొదటి వారంలోనే చేతికి అందుతాడు.

ఇంకో సంగతి పుస్తకం మూశాక తట్టింది. 1965 వలస చట్టం తర్వాత అమెరికా వచ్చిన మనవాళ్ళలో డాక్టర్లు చాలామంది. ఆ రోజుల్లో ప్రభుత్వ మానసిక ఆస్పత్రులకి ఇక్కడి డాక్టర్లు అంతగా ఇష్టపడి వెళ్ళేవారు కాదు. ఆ వార్డుల్లో పెద్ద సంఖ్యలో పనిచేసింది విదేశాల్లో చదివొచ్చినవాళ్ళు. ఈనాటికీ అమెరికాలో సైకియాట్రిస్టుల్లో నల్లజాతివాళ్ళు సుమారు 2 శాతమే, జనాభాలో మాత్రం 13 శాతం దాకా ఉన్నారు. అంటే అప్పట్లో చాలా వార్డుల్లో మంచానికి ఇటు పక్క రోగి నల్లవాడు, అటు పక్క స్టెతస్కోపుతో ఉన్నాయన మన వైపు నుంచి విమానం దిగి రెండేళ్ళయినవాడు. 1968 నాటి పుస్తకం చేతికిచ్చి ఇదే సైకియాట్రీ అంటే చదువుకుని పరీక్ష రాసినవాడు. ఆయనకి ఆ కోపం ఎలా కనిపించి ఉంటుంది? తెల్లవాళ్ళ రోడ్ల మీద తనకెదురైన చూపులకీ దానికీ సంబంధం కనబడిందా? లేక పుస్తకంలో ఉన్నట్టే రాసేసి తర్వాతి మంచం దగ్గరకి వెళ్ళిపోయాడా? మెట్జ్ల్ ఈ ప్రశ్న వేయడు. అతని పుస్తకంలో నలుపు, తెలుపు, రెండే రంగులు.

2021 జనవరిలో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తమ చరిత్రలోని జాతి వివక్షకి క్షమాపణ చెప్పింది. అయోనియా ఆస్పత్రి భవనాలు 1970ల చివర్లోనే జైలుగా మారిపోయాయి. అప్పుడు ఆ వార్డుల్లో పనిచేసిన మన డాక్టర్లు ఇప్పుడు ఎనభైల్లో ఉంటారు. తెలుగులో అమెరికా డాక్టర్ల ఆత్మకథలు అడపాదడపా వస్తూనే ఉన్నాయి. మొదటి మంచు, మొదటి కారు, సంఘాల సభలు అన్నీ ఉంటాయి వాటిలో. ఎవరైనా ఒకరు తమ రెసిడెన్సీ రోజుల నైట్ డ్యూటీ గురించి, ఆ రాత్రి ఫైల్లో ఏం రాశారో, ఎందుకు రాశారో ఒక అధ్యాయం రాస్తే బాగుండు. నేనైతే కాపీ ముందే బుక్ చేసుకుంటాను.