తిక్కన భారతమున యుద్ధానంతర శోకము

శాంతిపర్వారంభమున గల ధర్మరాజు శోకమును భీష్మోపదేశమునకు పీఠికగా మాత్రమే గ్రహించువారు మన విమర్శకులలో పెక్కురు. ఈ మతము మాకు సమ్మతము కాదు. అది పీఠికయే యైనచో ఉపదేశముతో శోకమును ముగియవలెను గదా!

యుద్ధమున చావక మిగిలిన యోధునకు మన వీరగాథలలో చోటు మిక్కిలి స్వల్పము. గురజాడ జన్మస్థలమైన ఎస్. రాయవరము మొదలుగా ఉత్తరాంధ్రమంతయు ఎరిగిన బొబ్బిలికథనే చూతము. 1757 జనవరి 24న కోట కూలినది. తాండ్ర పాపారాయడు విజయరామరాజును చంపి, వెంటనే తన ప్రాణమును తానే తీసికొనెను. మరునాటి పాపారాయని ఊహించుటకు కథకునకు మనసొప్పలేదు.

ఖడ్గతిక్కన గాథ ఇంతకంటె కఠినము. పోరు విడిచి యింటికి వచ్చిన యాతనికి భార్య మంచము చాటున స్నానమునకు నీళ్లును పసుపుముద్దయు నుంచినదట; తల్లి విరిగిన పాలు వడ్డించినదట. అతడు మరలిపోయి పోరాడి మడిసెను. చాటుపద్యములు చరిత్రకు గట్టి సాక్ష్యములు కావు; కాని వానిని నోట నిలుపుకొన్న జాతి అభిరుచికి అంతకంటె సాక్ష్యమక్కరలేదు. ఆతడేమి చూచి మరలివచ్చెనో అడిగినవారు ఆ యింట లేరు.

ఈ ఖడ్గతిక్కన జ్ఞాతిసోదరుడే కవి తిక్కన. మనుమసిద్ధి మంత్రిగా యుద్ధములను దగ్గరనుండి ఎరిగినవాడు. విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను రచించుటచే, యుద్ధమును మాత్రమే కాక దాని తరువాతి దీర్ఘకాలమును గూడ చెప్పవలసిన భారమాతనిపై పడినది. కర్ణుడు అన్నయని తర్పణవేళ తెలిసిన ధర్మరాజునకు గెలిచిన రాజ్యము విషమైనది. తమ్ములు మందలించిరి, ద్రౌపది నిష్ఠురమాడినది, వ్యాసుడు బోధించెను. అటుపై భీష్ముడు అంత ధర్మము చెప్పెను. అయినను భీష్మునకు ఉదకమిచ్చిన గంగాతీరముననే ధర్మరాజు మరల కూలెను! ఇక మిగిలినది నీ మనస్సుతోడి యుద్ధమనియు, అందు బాణములును బంధువులును పనికిరావనియు అశ్వమేధపర్వమున కృష్ణుడు చెప్పవలసివచ్చెను. పునరుక్తి యని దీనిని దోషముగా నెంచుట మాకు వింతగా తోచును. మరల మరల వచ్చుటయే ఆ వ్యాధి లక్షణము.

మొదటి ప్రపంచయుద్ధమున దీనిని ‘షెల్ షాక్’ అనిరి. 1980లో అమెరికా మానసిక వైద్యసంఘము దీనికి వ్యాధుల పట్టికలో స్థానమిచ్చినది. 1994లో జోనథన్ షే అను వైద్యుడు వియత్నాము సైనికుల బాధను హోమరు ఇలియడ్‌తో కలిపి చదివెను. ఆ దృష్టితో శాంత్యశ్వమేధపర్వములను చదువు పని తెలుగున జరుగవలసియున్నది.

స్వర్గారోహణమున ధర్మరాజు సుయోధనుని స్వర్గసింహాసనముపై గాంచి కోపించి ముఖము త్రిప్పుకొనెను. కురుక్షేత్రము ముగిసి అప్పటికి 36 ఏండ్లు గడచినవి.