ఆత్మాశ్రయ గీతం – సామాజిక వాస్తవం: జోనీ మిచెల్ 'బ్లూ'

ఒక రచన ఆత్మాశ్రయం అని తేల్చేస్తే దాని గురించి ఇక మాట్లాడవలసింది లేదనుకొనే అలవాటు మన విమర్శలో పాతుకుపోయింది. వస్తువు వ్యక్తిగతం, కనుక దృక్పథం బూర్జువా వ్యక్తివాదం! ఈ సూత్రం చేతిలో ఉంటే పాట వినే శ్రమ కూడా తప్పుతుంది. కెనడా గాయని జోనీ మిచెల్ తానే రాసి, బాణీ కట్టి, పాడిన 'బ్లూ' (1971) ఆల్బం విషయంలో నేనూ చాలాకాలం ఆ సూత్రాన్నే నమ్ముకొన్నాను. ఉన్నవి పది పాటలు. ఎక్కువ భాగం ప్రేమలు, ఎడబాట్లు, ప్రయాణాలు. గ్రాహం నాష్‌తో తెగిన సంబంధం, జేమ్స్ టేలర్‌తో సాగిన ప్రేమ వీటి వెనుక ఉన్నాయంటారు. ఏ పాట ఎవరి మీదో వెతికే పని సినిమా పత్రికలకు వదిలేద్దాం.

మూడవ పాట 'లిటిల్ గ్రీన్' సంగతి వేరు. ఒక గొంతు, ఒక గిటార్, అంతే. మొదటిసారి విన్నప్పుడు ఋతువుల మీద అల్లిన జోలపాట అనుకొన్నాను. నేనొక్కణ్ణే కాదు, 1971లో 'రోలింగ్ స్టోన్' పత్రిక సమీక్షకుడు కూడా అందులోని సంకేతాలు అంతుపట్టడం లేదని విసుక్కొన్నాడు. అసలు విషయం 1990లలో గాని లోకానికి తెలియలేదు. 1965 ఫిబ్రవరిలో టొరంటోలో, ఇరవయ్యొక్క ఏళ్ళ వయసులో, పెళ్ళికాకుండా ఆమె ఒక ఆడపిల్లను కన్నది. బిడ్డ తండ్రి అంతకుముందే విడిచి వెళ్ళాడు. చేతిలో డబ్బు లేదు, కన్నవాళ్ళకు చెప్పుకొనే ధైర్యం లేదు. బిడ్డను దత్తతకు ఇచ్చేసింది. తల్లీ కూతుళ్ళు మళ్ళీ కలుసుకొన్నది 1997లో.

ఇది ఒక స్త్రీ సొంత గోడేనా? ఆనాటి కెనడాలో గర్భనిరోధక సాధనాలు అమ్మడం 1969 దాకా శిక్షాస్మృతి ప్రకారం నేరం. పెళ్ళికాని తల్లుల చేత బిడ్డలను వదిలించిన పద్ధతికి ప్రభుత్వం క్షమాపణ చెప్పాలని ఆ దేశపు సెనేట్ సంఘం 2018లో సిఫారసు చేసింది. పాటలో కాగితాల మీద సంతకం పెట్టే ఘట్టం ఒకటి ఉంది. ఆ కాగితం రాసింది ఆమె కాదు, సమాజం. బడిలో పిల్లల్ని చేర్చుకొనేటప్పుడు తండ్రి పేరు గడి దగ్గర ఆగిపోయే తల్లుల ముఖాలు చూసినవాణ్ణి. అయినా ఈ పాట అర్థం కావడానికి నాకు అన్నేళ్ళు పట్టింది.

శిల్పం గురించి ఒక మాట. తొమ్మిదేళ్ళప్పుడు వచ్చిన పోలియో వల్ల ఎడమచేయి బలహీనపడి, మామూలు పట్లు కష్టమై, ఆమె గిటార్ తంతులను తనకు అనువుగా వేరే శ్రుతుల్లో బిగించుకొన్నది. ఆ వింత స్వరసంగతుల మూలం అవసరంలో ఉంది.

అయితే పేచీ లేకపోలేదు. 'కేరీ' పాట 1970లో క్రీట్ దీవిలోని మాతాలా గుహల దగ్గర, హిప్పీల మధ్య గడిపిన రోజుల నుంచి వచ్చింది. గ్రీసు అప్పుడు సైనిక నియంతల పాలనలో (1967–74) ఉంది. స్వరకర్త మికిస్ థియొడొరాకిస్ పాటలు వాయించడం, వినడం కూడా అక్కడ నిషిద్ధం. 'కేరీ'లో గాలి ఉంది, మద్యం ఉంది, ఆ నిషేధం నీడైనా లేదు. పారిస్‌లో కూర్చొని యుద్ధవార్తలు చదివి కలత పడ్డట్టు 'కాలిఫోర్నియా'లో పాడిన మనిషే, తోటి పాటగాడి నోరు కట్టేసిన దేశంలో విహారయాత్రికురాలిగా తిరిగి వచ్చింది.