లోకల్ సర్వర్: సౌకర్యం, సత్యం

సింగిల్ పేజ్ అప్లికేషన్ ఫైలును డిస్కు నుంచి నేరుగా బ్రౌజర్‌లో తెరిస్తే చాలాసార్లు ఖాళీ తెర కనిపిస్తుంది. అలా తెరిచిన పేజీలో జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లను బ్రౌజర్ అడ్డుకుంటుంది. అందుకే పరీక్షకు లోకల్ సర్వర్ కావాలి. ఏ సర్వర్ మంచిదన్నదే ఇక్కడి చర్చ.

పైథాన్ 3తో వచ్చే సర్వర్ మాడ్యూల్ ఒక్క ఆదేశంతో 8000 పోర్టులో మొదలవుతుంది. మొదటి పేజీ తెరుచుకుంటుంది. 'పుస్తకాలు' అన్న లింకు నొక్కితే ఆ భాగమూ వస్తుంది. అక్కడే రిఫ్రెష్ చేయండి: 404. లింకు నొక్కినప్పుడు చిరునామాను మార్చింది మీ జావాస్క్రిప్టే; సర్వర్‌ను ఎవరూ అడగలేదు. రిఫ్రెష్ చేస్తే అడిగినట్లే. ఆ పేరుతో ఫైలు లేదు కనుక సర్వర్ లేదనే చెప్పింది.

వీట్ వంటి డెవలప్‌మెంట్ సర్వర్లు ఇలాంటి చిరునామాలకు ఇండెక్స్ పేజీనే పంపుతాయి. సౌకర్యమే, కానీ నా అభ్యంతరమూ అక్కడే. అప్లికేషన్‌ను చివరకు ఉంచే సర్వర్‌లో ఆ ఏర్పాటు లేకపోతే, ఇన్నాళ్లూ దాగిన లోపం మూల్యాంకనం రోజున బయటపడుతుంది.

ఈ విషయంలో నేనూ పొరబడ్డాను. ఒక విద్యార్థిని ప్రాజెక్టులో రిఫ్రెష్ చేయగానే 404 రావడం చూసి, ప్రోగ్రాం తప్పని మార్కులు తగ్గించాను. ఆమె కోడ్ సరైనదే. లోపం సర్వర్ అమరికలో ఉంది. ఫలితాలకు ముందే సరిదిద్దగలిగాను. అయితే కారణం ఆమె కూడా చెప్పలేకపోయింది. ఆమె వాడిన సర్వర్ ఆ 404ను ఎన్నడూ చూపలేదు.

అలాగని పైథాన్ సర్వర్ నిర్దోషి కాదు. ప్రత్యేకంగా చెప్పకపోతే అది నెట్‌వర్క్‌లోని ఇతర కంప్యూటర్లకూ మీ ఫోల్డరును చూపగలదు. అధ్యయన కేంద్రంలో వాడేటప్పుడు బైండ్ ఐచ్ఛికంతో 127.0.0.1కు పరిమితం చేయండి. అది పరీక్షకే తప్ప ప్రజల వాడకానికి కాదు.

కాబట్టి ముందు పైథాన్ సర్వర్‌పై ఆ 404ను కళ్లారా చూడండి. తరువాత సౌకర్యవంతమైన సర్వర్‌తో పని సాగించండి. సమర్పించే ముందు, అసలు సర్వర్ నియమాలే ఉన్న చోట బిల్డ్‌ను మరోసారి పరీక్షించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: లింకు నొక్కితే వచ్చిన పేజీ రిఫ్రెష్ చేస్తే ఎందుకు రాలేదో మీ మాటల్లో రాయండి.