మూత తీయగలిగిన రేడియో

హామ్ రేడియోలో ఇద్దరు మొదటిసారి కలిస్తే మాటలు ఒక వరసలో నడుస్తాయి. ముందు కాల్ సైన్, తర్వాత పేరు, ఊరు, అవతలివాళ్ల సిగ్నల్ ఎలా వినిపిస్తోందో చెప్పే అంకెలు. ఆ తర్వాత రిగ్. రిగ్ అంటే ఏ సెట్టు మీద మాట్లాడుతున్నామో అది. ఎక్కువమంది ఐకామ్ అనో, యాయెసు అనో, కెన్‌వుడ్ అనో ఒక్క ముక్కలో చెప్పేసి ముందుకు పోతారు. ఎప్పుడో ఒకసారి మాత్రం ఒక గొంతు క్షణం ఆగి, "రిగ్ హోమ్‌బ్రూ, అయిదు వాట్లు" అంటుంది. అంటే సొంతంగా చేసుకున్న సెట్టు. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ అలాగే ఆగేవాణ్ణి.

కిందటి ఆదివారం పొద్దున 7 మెగాహెర్ట్జ్ మీద కొత్తగా లైసెన్సు వచ్చిన ఒకమ్మాయి కలిసింది. అరువు సెట్టు మీద మాట్లాడుతోంది. "సార్, మొదటి సెట్టు కొనుక్కోమంటారా, చేసుకోమంటారా?" అని అడిగింది. జవాబు మొదలుపెట్టేలోపే బ్యాండు మూసుకుపోయి ఆమె గొంతు గరగరలో కలిసిపోయింది. ఆ జవాబు ఈ వారం ఇక్కడ చెబుతాను.

మా తరానికి ఈ ప్రశ్నే లేదు. నేను పరీక్ష రాసిన రోజుల్లో విదేశీ సెట్టు అంటే పత్రికల్లో బొమ్మ చూసి పక్కన పెట్టే వస్తువు. స్వయంగా హామ్ అయిన రాజీవ్ గాంధీ, కాల్ సైన్ వీయూ2ఆర్‌జీ, ప్రధానిగా ఉండగా 1984లో వైర్‌లెస్ పరికరాల మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. సుంకం పోయినా అసలు ధర అలాగే ఉంది. నాలాంటి జీతగాడికి దారి ఒక్కటే: కోఠీ గుజరాతీ గల్లీకి పోయి, రెసిస్టర్లూ కెపాసిటర్లూ పొట్లాలు కట్టించుకుని తెచ్చుకోవడం.

నాకు రేడియో నేర్పిన మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆయన గదిలో మిఠాయి డబ్బాలో రిసీవరు, బిస్కెట్ల డబ్బాలో ట్రాన్స్‌మిటరు. నేనూ ఆయన్ని చూసే మొదలుపెట్టాను. నా మొదటి ట్రాన్స్‌మిటరు ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండేది కాదు. ఫ్యాన్ వేస్తే ఒక పక్కకి, తీస్తే ఇంకో పక్కకి జారిపోయేది. అవతలాయన డయల్ తిప్పీ తిప్పీ, "మీ వెంట పరుగెత్తలేకపోతున్నాను" అనేవాడు. అందుకని మే నెలలో కూడా ఫ్యాన్ కట్టేసి, చెమటలు కక్కుతూ మాట్లాడేవాణ్ణి. మా ఇంట్లో దీన్ని తపస్సు అనలేదు, వేరే మాట అన్నారు.

అసలు ముచ్చట ఒక శుక్రవారం సాయంత్రం జరిగింది. నేను పైగదిలో హుషారుగా సీక్యూ, అంటే వినేవాళ్లెవరైనా జవాబివ్వండని, పిలుస్తున్నాను. పక్కింటి బాబాయిగారు మెట్లెక్కి వచ్చి, "ఏమయ్యా, టీవీలో చిత్రలహరి చూస్తూ, ఎన్టీవోడి పాట వస్తుంటే నీ గొంతు వినిపిస్తోందేమిటి?" అన్నారు. నేను 7 మెగాహెర్ట్జ్ మీద పంపుతున్నాను. కానీ శుభ్రంగా కట్టని ట్రాన్స్‌మిటరు పంపాల్సిన ఫ్రీక్వెన్సీతో ఊరుకోదు, దాని గుణిజాలనూ కొద్దికొద్దిగా వదులుతుంది. వాటిని హార్మోనిక్స్ అంటాం. ఏడేళ్లు 49, ఏడెనిమిదులు 56, ఏడు తొమ్మిదులు 63. ఆ రోజుల్లో టీవీ మొదటి బ్యాండు 47 నుంచి 68 మెగాహెర్ట్జ్ దాకా. మూడూ అందులోనే పడ్డాయి. ఎక్కం అంత బాగా అర్థమైంది నాకు ఆ రోజే.

మర్నాడు మాస్టారు నా సెట్టు చూసి, "లో పాస్ ఫిల్టర్ ఏదిరా?" అన్నారు. హార్మోనిక్స్‌ని ఆపే ఫిల్టర్ అది, పుస్తకంలో ఉంది. రెండు కాయిల్స్, మూడు కెపాసిటర్లు. అది లేకపోయినా అవతలివాళ్లకి వినిపిస్తోంది కదా అని నేనే వదిలేశాను. "నీకు వినిపించడం కాదు, అక్కర్లేనివాళ్లకి వినిపించకపోవడం పని" అన్నారాయన. కొన్న సెట్టులో ఆ మర్యాద ఫ్యాక్టరీవాళ్లే పెట్టి ఇస్తారు. చేసుకున్న సెట్టులో మనమే పెట్టాలి. చేతిపని గొప్పలు చెప్పేవాళ్లు మరిచిపోయే సంగతి ఇది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. చేసుకుంటే చవక అంటారు. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు, డమ్మీ లోడు కలుపుకోండి. ఏంటెన్నా తగిలించడం మరిచిపోయి కీ నొక్కినందుకు ఆవిరైపోయిన ట్రాన్సిస్టర్లను కలుపుకోండి. నేనొకసారి లెక్క రాయడం మొదలుపెట్టి, ఇంట్లోవాళ్ల కంట పడుతుందని సగంలో చింపేశాను.

అయినా చేత్తో చేసుకునే పద్ధతి మన హైదరాబాదులో పోలేదు సరికదా, ఇక్కణ్ణుంచే ప్రపంచానికి పాకింది. రెండు దశాబ్దాల కిందట అష్హర్ ఫర్హాన్, వీయూ2ఈఎస్‌ఈ, బిట్‌ఎక్స్ అనే సెట్టు డిజైన్ చేశారు. 14 మెగాహెర్ట్జ్ మీద ఆరు వాట్లతో మాట్లాడుతుంది. అందులో తెలివంతా పొదుపుది. వినడానికీ మాట్లాడటానికీ వేర్వేరు సర్క్యూట్లు కాకుండా, ఒకటే దారి రెండు వైపులా పనిచేస్తుంది. విదేశాల నుంచి ప్రత్యేకమైన భాగాలు తెప్పించే పని లేదు, ఏ రేడియో సామాన్ల కొట్లో అయినా దొరికే ట్రాన్సిస్టర్లతో నడుస్తుంది. కాయిల్స్ చుట్టడానికి ఉంగరాల్లాంటి టొరాయిడ్లు దొరక్కపోతే ఏం చేయాలి? కుళాయిలో వేసే నైలాన్ వాషర్లు వాడమన్నారు. హార్డ్‌వేర్ షాపులో వాషర్లు గుప్పెడు కొంటుంటే, "ఎన్ని కుళాయిలు కారుతున్నాయి సార్?" అని కొట్టువాడు నన్ను జాలిగా చూశాడు.

తర్వాత 2016 చివర్లో ఆయన హెచ్‌ఎఫ్ సిగ్నల్స్ పేరుతో బిట్‌ఎక్స్40 బోర్డులు, మరుసటి ఏడాది చివర్లో 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా పనిచేసే మైక్రోబిట్‌ఎక్స్ అమ్మడం మొదలుపెట్టారు. బోర్డు తయారుగా వచ్చేది. డబ్బా, తీగలు, మైకు, గుండీలు కొన్నవాళ్లే అమర్చుకోవాల్సి ఉండేది. ఆ బోర్డుల మీది కాయిల్స్ ఇక్కడి ఆడవాళ్లు చేత్తో చుట్టినవి. ఇప్పుడు చెప్పండి, ఇది కొన్నదా, చేసుకున్నదా? కొన్నవాడు "హోమ్‌బ్రూ" అంటే అబద్ధమా? నేనైతే అబద్ధం అనను. మాస్టారి బిస్కెట్ల డబ్బాలో ట్రాన్సిస్టరు కూడా ఎవరో చేసి అమ్మిందే. రాగి తవ్వి తీగ లాగినవాడెవడూ మాలో లేడు.

నా బల్ల మీద ఇవాళ రెండు సెట్లున్నాయి. ఒకటి జపాను సెట్టు, పదవీ విరమణ డబ్బుతో కొన్నది. రెండోది బిట్‌ఎక్స్. జపాను సెట్టులో వంద సౌకర్యాలున్నాయి. బలమైన స్టేషను పక్కనే ఉన్నా నీరసంగా వచ్చే గొంతుని విడదీసి వినిపిస్తుంది. దాని ముందు నా సెట్టు నిలవలేదు. రెండేళ్ల కిందట పిడుగులు పడ్డ రాత్రి తర్వాత రెండూ మూగబోయాయి. జపాను సెట్టు మూత తీశాను. బియ్యపుగింజలో సగం లేని భాగాలు, పేర్లు లేని చిప్పులు. మూత పెట్టేసి రిపేరుకి పంపితే ఎన్నో వారాలకి తిరిగొచ్చింది, బిల్లుతో సహా. బిట్‌ఎక్స్ మూత తీస్తే ఐఆర్‌ఎఫ్510 పోయిందని కాలిన వాసనే చెప్పింది. అదొక స్విచ్చింగ్ మాస్‌ఫెట్, రేడియో కోసం పుట్టింది కాదు, చవక కాబట్టి మేం వాడుకుంటాం. గంటలో మార్చేసి అదే సాయంత్రం గాలిలో ఉన్నాను.

అలాగని కొన్న సెట్టుని చిన్నచూపు చూడను. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ అండమాన్‌లో హామ్ కార్యక్రమం మీద పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు. మిగతా దారులు తెగిపోయినవేళ ఆమె రేడియో మీద జనం క్షేమసమాచారాలు దాటించారు. అలాంటి రోజున కావలసింది నొక్కగానే పలికే సెట్టు. ఫ్యాన్ కట్టేస్తే తప్ప నిలవని నా చేతిపని ముచ్చట ఆ రోజున ఎవరికీ అక్కరకు రాదు.

అయితే మాకు లైసెన్సు ఎందుకిస్తారో కూడా గుర్తుంచుకోవాలి. అంతర్జాతీయ నియమాలు అమెచ్యూర్ రేడియోని నిర్వచిస్తూ మొదట పెట్టిన మాట స్వయంశిక్షణ. పరస్పర సంభాషణ రెండోది. పోలీసు వైర్‌లెస్‌లోనో విమానంలోనో పనిచేసేవాడు తన ట్రాన్స్‌మిటరు తానే కట్టుకుంటానంటే ఒప్పుకోరు. హామ్‌కి ఒప్పుకుంటారు. కోరి ఇచ్చిన ఆ వెసులుబాటుని జీవితంలో ఒక్కసారీ వాడకపోతే, మిగిలేది ఖరీదైన ఫోను.

కాబట్టి అమ్మా, నా జవాబు ఇది. చేతిలో డబ్బుంటే సెట్టు కొనుక్కో, సిగ్గుపడకు. ఏంటెన్నా మాత్రం కొనకు. 7 మెగాహెర్ట్జ్‌కి అరతరంగం ఏంటెన్నా పొడవు సుమారు 66 అడుగులు. ఇంటి వైరింగుకు వాడే రాగి తీగ 33 అడుగులవి రెండు ముక్కలు, చివర్లకి పీవీసీ పైపు ముక్కలు, మధ్యలో కోయాక్సియల్ కేబుల్. డాబా మీద తిరగేసిన వీ ఆకారంలో కట్టు. కొలత తగ్గితే అతుకు పెట్టాలి, కాబట్టి జానెడు పొడుగ్గానే కోసి, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చూసుకుంటూ కత్తిరించు. అది పనిచేశాక ఒక చిన్న రిసీవరు కట్టు. ఆ తర్వాత ట్రాన్స్‌మిటరు ఆలోచన. దానికి లో పాస్ ఫిల్టర్ పెట్టాకే కీ నొక్కు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి అదే ఫ్రీక్వెన్సీ మీద ఉంటాను. ఈసారి నేను నీ రిగ్ ఏదని అడగను, తీగ ఎంత పొడవు కోశావో చెప్పు.