వానరమా? భల్లూకమా? అడవి కెమెరా చిత్రంపై ఒక విమర్శ

మసక చీకటిలో త్రాడును చూచి పాము అనుకొని ఉలిక్కిపడడం మన తర్కశాస్త్రంలో చాల పాత ఉదాహరణ. దీపం తెచ్చి చూస్తే అది త్రాడేనని తెలిసిపోతుంది. కాని ఆ దీపం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయి, ఆ క్షణంలో కనిపించినది ఒక బొమ్మగా మాత్రమే మిగిలితే ఏమి చేయవలెను? మరల త్రాడు దగ్గరకు వెళ్ళి చూచే వీలు లేనప్పుడు, ఆ బొమ్మ నుండి ఎంతవరకు నిజం రాబట్టవచ్చును? అడవులలో అమర్చే స్వయంచాలక కెమెరాలు తీసే చిత్రాల విషయంలో ఈ ప్రశ్న తరచుగా ఎదురవుతున్నది.

దీనికి మంచి ఉదాహరణ అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు వాయవ్య ప్రాంతంలో తీయబడిన చిత్రాలు. 2007 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి, అలెఘనీ అడవి ప్రాంతంలో, ఒక వేటగాడు జింకల కోసం చెట్టుకు కట్టిన కెమెరాలో అవి పడినవి. మొదటి చిత్రాలలో ఎలుగు పిల్లలు కనిపించినవి. సుమారు అరగంట తరువాత పడిన చిత్రాలలో బక్కపలచని శరీరం, పొడుగైన కాళ్ళు గల ఒక జంతువు నాలుగు కాళ్ళ మీద వంగి ఉన్నది. దాని ముఖం సరిగా కనిపించదు. అమెరికా అడవులలో "బిగ్‌ఫుట్" అనే పెద్ద నరవానరం రహస్యంగా సంచరిస్తున్నదని నమ్మేవారు, ఇది దాని పిల్ల అయి ఉండవచ్చునన్నారు. ఆ రాష్ట్రపు వన్యప్రాణి శాఖ మాత్రం, ఇది గజ్జి పట్టి వెంట్రుకలు రాలిపోయిన నల్ల ఎలుగు అని చెప్పినది. వానరమా, భల్లూకమా అనే వివాదం పత్రికల కెక్కినది.

వివాదాన్ని పరిశీలించే ముందు సాధనాన్ని తెలిసికొనడం అవసరం. అడవి కెమెరాలో ఎదుటి ప్రదేశంలోని వేడిలో కలిగే మార్పును గుర్తించే పరికరం ఒకటి ఉంటుంది. పరిసరాల కంటె వెచ్చగా ఉన్న శరీరం ఏదైనా దాని ముందు కదిలితే కెమెరా తనంతట తానే చిత్రం తీస్తుంది. రాత్రివేళ చాల కెమెరాలు మన కంటికి కనిపించని పరారుణ కాంతిని వెదజల్లుతవి. ఆ కాంతిలో రంగులు పోయి నలుపు తెలుపులు మాత్రమే మిగులుతవి. పైగా, దీపం నుండి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగవ వంతుకు పడిపోతుంది. అందుచేత దగ్గరి వస్తువు తెల్లగా వెలిగిపోతుంది, దూరపు వస్తువు చీకటిలో కలిసిపోతుంది. జంతువు కదిలితే అంచులు చెదరుతవి. కెమెరా అబద్ధం చెప్పడం లేదు. కాని తాను చూచినదంతా చెప్పడమూ లేదు.

ఇప్పుడు నరవానరవాదుల ముఖ్యమైన వాదాన్ని తీసుకొందాము. చిత్రంలోని జంతువు కాళ్ళు ఎలుగు కాళ్ళ కంటె పొడుగుగా ఉన్నవనీ, శరీరపు తీరు చింపాంజీని పోలి ఉన్నదనీ వారి వాదం. ఇందులో రెండు లోపాలున్నవి.

మొదటిది కొలతకు సంబంధించినది. ఛాయాచిత్రం చదునైన కాగితం వంటిది. కెమెరా వైపు చాచిన కాలు ఉన్నదాని కంటె పెద్దదిగాను, మడిచిన కాలు పొట్టిగాను కనిపిస్తుంది. మూడు మీటర్ల దూరంలో ఉన్న ఒక మీటరు ఎత్తు జంతువు, ఆరు మీటర్ల దూరంలో ఉన్న రెండు మీటర్ల జంతువు చిత్రంలో ఒకే ఎత్తులో పడతవి. కంటి ముందు పెట్టుకొన్న చిటికెనవ్రేలు పొలంలోని తాటిచెట్టును మరుగుపరచడం మన మెరిగినదే గదా! కనుక ప్రక్కన తెలిసిన కొలత గల వస్తువు లేకుండా, కెమెరా నుండి జంతువు ఎంత దూరంలో ఉన్నదో తెలియకుండా ఎముకల నిష్పత్తులు లెక్కకట్టడం ఇసుకలో పునాది వేయడమే.

రెండవ లోపం పోలికకు సంబంధించినది. ఎలుగు అనగానే మన మనసులో మెదలేది దట్టమైన బొచ్చుతో గుండ్రంగా ఉండే జంతువు. ఆ గుండ్రదనంలో చాల భాగం బొచ్చుదే. గజ్జి కలిగించేది కంటికి కనిపించనంత చిన్న పురుగు. అది చర్మంలో సొరంగాలు త్రవ్వుతుంది. దురదతో జంతువు గోకుకొంటుంది, వెంట్రుకలు రాలుతవి, తిండి తగ్గి శరీరం చిక్కిపోతుంది. పెన్సిల్వేనియాలోని నల్ల ఎలుగులలో ఈ వ్యాధి ఉన్నదన్న సంగతి ఆ చిత్రాలకు ముందే తెలిసినది. వెంట్రుకలు లేని ఎలుగు ఎంత వింతగా ఉంటుందో 2009లో జర్మనీలోని లైప్‌జిగ్ జంతుప్రదర్శనశాలలో లోకం చూచినది. అక్కడి దక్షిణ అమెరికా జాతి ఆడ ఎలుగులకు వెంట్రుకలు రాలిపోగా, వాటి ఫొటోలు చూచినవారు అవి ఎలుగులంటే నమ్మలేకపోయినారు. ఆరోగ్యవంతమైన ఎలుగుతో పోల్చి "ఇది ఎలుగు కాదు" అన్నవారు పోల్చవలసిన దానితో పోల్చలేదు.

దీనికి అంత దూరం పోనక్కరలేదు. తెనాలి దగ్గరి జంపని వంటి డెల్టా గ్రామంలో కొండ లేదు, అడవి లేదు. అయినా అక్కడి విద్యార్థి కూడ గజ్జి పట్టిన వీధికుక్కను చూచే ఉంటాడు. తోక ఎలుక తోక వలె సన్నబడుతుంది. చెవులు నిక్కబొడుచుకొన్నట్లు కనిపిస్తవి. కాళ్ళు హఠాత్తుగా పొడుగైనట్లు తోస్తవి. ఆ కుక్కనే రాత్రివేళ, తల వంచి ఉండగా, నలుపు తెలుపులలో ఒక్క చిత్రం తీసి పరాయి ఊరివారికి చూపితే ఎన్ని పేర్లు పెడతారో ఊహించవచ్చును.

ఇక చిత్రం వెలుపలి సాక్ష్యం. అదే చోట, అదే రాత్రి, అరగంట ముందు ఎలుగు పిల్లలు వచ్చినవి. పిల్లలు తిరిగే చోట మరొక ఎలుగు ఉండడం సహజమే. మరి నరవానరానికి ఇట్టి సాక్ష్యం ఏమున్నది? అమెరికా ఖండాలలో మనిషిది తప్ప మరే నరవానరజాతి శిలాజమూ ఇంతవరకు దొరకలేదు. అక్కడ సహజంగా ఉన్నవి తోకగల కోతులు మాత్రమే. పైగా ఏ జాతీ ఒక్క ప్రాణితో తరతరాలు నిలువలేదు. తల్లి, తండ్రి, బంధుగణం ఉండవలెను. వాటి ఎముకలు, పేడ, వెంట్రుకలు ఎక్కడో ఒకచోట దొరకవలెను.

అయితే విమర్శ ఒకవైపే సాగరాదు. వన్యప్రాణి శాఖ చెప్పిన మాట కూడ ఆ జంతువును పట్టి, చర్మం పరీక్షించి ఇచ్చిన తీర్పు కాదు. చిత్రాలను చూచి ఇచ్చిన అభిప్రాయమే. అందుచేత "ఇది ఎలుగు అని రుజువైనది" అనడం కంటె, "తెలిసిన విషయాలతో, కొత్త కల్పన లేకుండా, ఈ చిత్రాన్ని వివరించగలది గజ్జి ఎలుగు" అనడం శాస్త్రీయం. రెండు వాక్యాలకూ తేడా చిన్నదిగా తోచవచ్చు. విద్యార్థి నేర్చుకోవలసినది ఆ తేడానే.

కొలత లేని చిత్రం పండితులను సైతం ఎట్లు దారి తప్పించినదో చరిత్రలో ఉన్నది. స్విట్జర్లాండు భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్వా ద లువా 1920 ప్రాంతంలో వెనిజులా అడవులలో చంపిన ఒక కోతిని పెట్టె మీద కూర్చోబెట్టి, గడ్డం క్రింద కర్ర ఊతమిచ్చి ఫొటో తీసినాడు. 1929లో జార్జి మోంటాండన్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఆ ఒక్క చిత్రం ఆధారంగా అమెరికాలో కొత్త నరవానరం దొరికినదని ప్రకటించి, దానికి శాస్త్రీయ నామం కూడ పెట్టినాడు. చిత్రంలో తోక కనిపించదు. ప్రక్కన మనిషి గాని, కొలబద్ద గాని లేదు. చర్మమూ, ఎముకలూ భద్రపరచలేదు. నేడు శాస్త్రజ్ఞులు దానిని దక్షిణ అమెరికాలో సాధారణంగా కనిపించే సాలెకోతిగానే గుర్తిస్తున్నారు.

మన హిమాలయాలలో జరిగినది ఇంకొకటి. 1986లో ఆంథొనీ వూల్డ్రిడ్జ్ అనే ఆంగ్లేయుడు గఢ్వాల్ ప్రాంతపు మంచులో నిటారుగా నిలిచిన ఒక ఆకారాన్ని దూరం నుండి ఫొటో తీసి, అది "యతి" అని నమ్మినాడు. తరువాత ఆ చోటును మరల చిత్రాలు తీసి కొలిచి చూడగా, ఆ ఆకారం మంచులో నుండి పైకి పొడుచుకొని ఉన్న రాయి అని తేలినది. ఆ సంగతిని ఆయన ఒప్పుకొన్నాడు. ఇక్కడ దీపం తెచ్చి త్రాడును చూడడం సాధ్యమైనది, ఎందుకనగా రాయి కదలదు.

ఇంతమాత్రం చేత శాస్త్రజ్ఞులు కొత్తదానికి తలుపులు మూసినారని అనుకోరాదు. టిబెట్టు ఆగ్నేయ భాగంలో తెల్లని చెంపలు గల ఒక కొత్త కోతిజాతిని 2015లో చైనా శాస్త్రజ్ఞులు ప్రకటించినది ఛాయాచిత్రాల ఆధారంతోనే. వాటిలో అడవి కెమెరాలు తీసినవి కూడ ఉన్నవి. కాని అవి ఒకటి రెండు కావు, 738. ముఖం, తోక, వెంట్రుకల అమరిక వేరువేరు కోతులలో, వేరువేరు కోణాలలో స్పష్టంగా కనిపించినవి. దగ్గరి జాతులన్నిటితో పోల్చి తేడాలు చూపినారు.

మన కడప జిల్లా కలివికోడి కథ ఇంకా దగ్గరిది. జెర్డన్ 1848 ప్రాంతంలో కనుగొన్న ఈ పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించినదనే అనుకొన్నారు. 1986 జనవరిలో లంకమల ప్రాంతంలో మరల దొరికినది. రాత్రి సంచరించే ఈ పిట్టను వెదకడానికి పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి అడుగుజాడలు సేకరించినారు. వాటితో పాటు స్వయంచాలక కెమెరాలు కూడ అమర్చినారు. జాడ చెప్పినదానిని చిత్రం, చిత్రం చెప్పినదానిని జాడ బలపరచినవి. 2002లో ప్రచురితమైన ఆ పద్ధతి ఒక సాక్ష్యానికి మరొక సాక్ష్యం తోడు కావలెనన్న సూత్రానికి చక్కని నమూనా.

అడవి కెమెరాలు ఎంత విస్తారంగా పనిచేస్తున్నవో కూడ గమనించవలెను. మన దేశంలో 2018 పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టినారు. మొత్తం 3,48,58,623 చిత్రాలు వచ్చినవి. వాటిలో పులులవి 76,651, చిరుతలవి 51,777. అంత అరుదైన పులి అన్ని వేల మార్లు కెమెరాకు చిక్కినది. పెద్ద జంతువు ఒకటి నిజంగా ఉంటే, అది ఏళ్ళ తరబడి ఒక్క మసక చిత్రంలోనే ఎందుకు మిగిలిపోవలెనన్నది న్యాయమైన ప్రశ్న.

ఈ విచారణ వినోదానికి మాత్రమే కాదు. 2017లో విశాఖపట్నంలో కట్టుతున్న ఒక భవనంలో కనిపించిన గుడ్లగూబ పిల్లల దృశ్యం, గ్రహాంతరవాసులన్న ప్రచారంతో ఫోన్లలో లోకమంతా తిరిగినది. అక్కడ ఈకలు సరిగా రాని పిల్లలు, ఇక్కడ వెంట్రుకలు రాలిన ఎలుగు, కారణం ఒక్కటే. రేపల్లె, నిజాంపట్నం వైపు మడ అడవులలో తిరిగే బావురుపిల్లి వంటి జంతువును చిరుత అనో, వింత మృగమనో పుకారు పుడితే కర్రలు లేస్తవి. పేరు తప్పు పెడితే ప్రాణం పోయేది ఆ మూగజీవానిదే. పెన్సిల్వేనియా చిత్రంలో కూడ అందరూ అద్భుతాన్ని వెదకినారు గాని, అది ఎలుగే అయితే వారి కళ్ళెదుట ఉన్నది వ్యాధితో బాధపడుతున్న ఒక జంతువు.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని తరగతిలో సులభంగా చేయించవచ్చును. కాలువ గట్టున ఒక మొద్దును రెండు, నాలుగు, ఎనిమిది మీటర్ల దూరాల నుండి సాయంకాలం ఫొటో తీయించవలెను. ఒకమారు ప్రక్కన మీటరు బద్ద నిలిపి, ఒకమారు లేకుండా తీయించవలెను. బద్ద లేని చిత్రాలను మరొక తరగతి వారికిచ్చి ఎత్తు చెప్పమనవలెను. జవాబులు ఎంత చెదరునో విద్యార్థులే లెక్కకట్టి పటం గీయవచ్చును.

తరువాత ఏ వింత చిత్రం చేతికి వచ్చినా ఈ ప్రశ్నలు వేయడం అలవాటు కావలెను: చిత్రం ఎక్కడ, ఎప్పుడు, ఏ సాధనంతో తీసినారు? కొలతకు ఆధారమేమున్నది? ముందు వెనుకల తీసిన మిగిలిన చిత్రాలేవి? ఆ ప్రాంతంలో తెలిసిన జంతువులను, వాటి పిల్లలను, వ్యాధిగ్రస్తమైన వాటిని కూడ, ఒక్కొక్కటిగా పోల్చి తొలగించినారా? చిత్రం గాక వెంట్రుక, ఎముక, అడుగుజాడ ఏదైనా ఉన్నదా?

వీటికి జవాబులుంటే చిత్రం సాక్ష్యమవుతుంది. లేనిచో అది ప్రశ్నగానే ఉంటుంది. ప్రశ్నను ప్రశ్నగా ఉంచగల ఓర్పు విజ్ఞానానికి మొదటి మెట్టు.