ఏకవాద్య శాక్సోఫోన్: లక్ష్య లక్షణ దృష్టితో ఒక పరిశీలన

‘ఫ్రీ జాజ్’ను స్వేచ్ఛా సంగీతమని అనువదించగానే అది నియమరహితమనే భావన కలుగుతుంది. ఆర్నెట్ కోల్‌మన్ 1960లో ఎనిమిది మంది వాద్యకారులతో రికార్డు చేసిన ‘ఫ్రీ జాజ్’ ఈ ధోరణికి పేరునిచ్చింది. అక్కడ ఒకరి ఊహకు మరొకరి స్పందన ఆధారం. వాద్యకారుడు ఒంటరిగా నిలిచినప్పుడు ఆ ఆధారం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నను పరిశీలించడానికి తెలుగువారికి పరిచితమైన నాదస్వర ఆలాపన తగిన కొలమానం.

ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా తంజావూరు బాణీని కూడా అభ్యసించి శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఆయన ప్రతిభకు గీటురాయి రాగాలాపన. నాదస్వరానికి మీటలుండవు. రంధ్రాన్ని వేలితో కొంత మూసి, పీకపై పెదవుల ఒత్తిడిని, శ్వాసను సవరిస్తూ గమకం పలికించాలి. ఆలాపనలో తాళబంధం లేకున్నా శ్రుతి నిరంతరం వినిపిస్తుంది. రాగలక్షణం శ్రోతకు ముందే కొంత తెలుసు. స్వరం ఎక్కడ నిలుస్తుందోనని అతడు ఎదురుచూస్తాడు. ఆ నిరీక్షణను పొడిగించి తీర్చడంలోనే మనోధర్మం రాణిస్తుంది.

ఆంథనీ బ్రాక్స్‌టన్ 1969లో రికార్డు చేయగా 1971లో వెలువడిన ‘ఫర్ ఆల్టో’లో ఆద్యంతం ఒకే ఆల్టో శాక్సోఫోన్ వినిపిస్తుంది. శ్రుతివాద్యం లేదు, ముందే తెలిసిన రాగమూ లేదు. ఆ లోటును పూరించడానికి ఆయన తన ధ్వనిసామగ్రిని వర్గాలుగా విభజించుకున్నారు: దీర్ఘస్వరాలు, కంపిత స్వరాలు, తెగిన స్వరాలు, ఒకేసారి పలికే బహుస్వరాలు. ఎవాన్ పార్కర్ మార్గం వేరు. బుగ్గల్లోని గాలితో వాయిస్తూనే ముక్కుతో శ్వాస పీల్చడం వల్ల ఆయన సొప్రానో శాక్సోఫోన్ నాదం తెగదు. ఆ అవిచ్ఛిన్నతే శ్రుతి స్థానాన్ని ఆక్రమిస్తుంది.

శాక్సోఫోన్‌ను గమకాలకు అనువుగా మలచుకున్న కద్రి గోపాల్‌నాథ్‌ను ఇక్కడ స్మరించడం సహజం. అయితే ఆయన రాగాన్ని, పక్కవాద్యాలను నిలుపుకొని వాద్యాన్ని మార్చారు. బ్రాక్స్‌టన్ వాద్యాన్ని నిలుపుకొని ఆధారాలను విడిచారు. ఈ రెండింటినీ ఒకే ‘ప్రయోగం’గా లెక్కించడం విమర్శలో అస్పష్టతకు దారితీస్తుంది.

కనుక ‘ఫ్రీ’ అనే మాటకు ‘స్వేచ్ఛ’ కన్నా ‘మనోధర్మం’ చేరువ, కాని సమానార్థకం కాదు. నాదస్వర విద్వాంసుడు సంప్రదాయదత్తమైన లక్షణాన్ని లక్ష్యంలో విస్తరిస్తాడు. ఏకాకి శాక్సోఫోన్ వాదకుడు లక్షణాన్ని, లక్ష్యాన్ని ఒకే శ్వాసలో నిర్మించాలి. వినిపిస్తూనే దానిని శ్రోతకు బోధించాలి. అందుకే ఈ సంగీతంలో పునరుక్తిని దోషంగా గణించడం తొందరపాటు. శ్రోతకు లక్షణం పట్టుబడే మార్గం అదే. ఆ బోధ జరగని చోట ఎంత నైపుణ్యమున్నా వాదనం స్వగతంగానే మిగులుతుంది.